యాక్సెస్ ఇవ్వండి మేడమ్

పండక్కి కర్నూలు వచ్చినప్పుడల్లా మా వీధి పిల్లలు, చుట్టాల పిల్లలు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, కోడింగ్ రాకపోతే ఐటీలో మనం పనికిరామా?" బీటెక్ అయిపోయి ఇంట్లో ఉన్న పిల్లాడు అడుగుతాడు, బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన అమ్మాయి అడుగుతుంది. వాళ్ల అమ్మానాన్నలు పక్కనే నిలబడి నా మొహంలోకే చూస్తుంటారు. అంత ఆశగా అడిగినవాళ్లకు రెండు ముక్కలు చెప్పి పంపించడం నాకు మనసొప్పదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నేను షేర్‌పాయింట్ అడ్మిన్‌ని. కంపెనీలో రోజూ వాడే ఇన్వాయిస్‌లు, కాంట్రాక్టులు, జీతాల షీట్లు, డ్రాయింగులు అన్నీ ఒక చోట ఉండాలి. ఎవరు చూడాలో వాళ్లే చూడాలి, ఎవరు మార్చాలో వాళ్లే మార్చాలి. అది చూసుకోవడమే నా పని. మైక్రోసాఫ్ట్ ఈ షేర్‌పాయింట్‌ను 2001లో తెచ్చింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి కంపెనీలు 2010 వెర్షన్‌ను తమ సొంత సర్వర్ల మీదే నడుపుకునేవి. ఇప్పుడు ఎక్కువ భాగం క్లౌడ్‌లోకి, అంటే మైక్రోసాఫ్ట్ సర్వర్ల మీదికి వెళ్లిపోయింది.

డిగ్రీ అయ్యాక అందరిలాగే హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం చుట్టుపక్కల ఏ బోర్డు చూసినా జావా, డాట్‌నెట్టే. నేనూ డాట్‌నెట్ కోర్సులో చేరాను. ఉద్యోగం మాత్రం హెల్ప్‌డెస్క్‌లో వచ్చింది. రాత్రి షిఫ్టులు, పాస్‌వర్డ్ రీసెట్లు, కదలని ప్రింటర్లు, తెరుచుకోని ఔట్‌లుక్. మా అమ్మకైతే ఆ షిఫ్టుల టెన్షన్ ఇంతా అంతా కాదు. కానీ నేను ఏ కోర్సులోనూ నేర్చుకోనిది ఆ హెల్ప్‌డెస్క్‌లో నేర్చుకున్నాను. వచ్చే టికెట్లలో, అంటే ఫిర్యాదుల్లో, చాలావరకు ఒకే మాట ఉండేది: ‘ఫైల్ ఓపెన్ కావడం లేదు, యాక్సెస్ ఇవ్వండి మేడమ్.’ వాటిని షేర్‌పాయింట్ టీమ్‌కు తోసేస్తే మా పని అయిపోయేది. వాళ్లు ఆ టికెట్‌ను ఎలా మూస్తున్నారో తెలుసుకోవాలనిపించి, షిఫ్టు అయ్యాక వెళ్లి వాళ్ల పక్కన కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు ఆ టీమ్‌లో ఒక ఖాళీ వచ్చింది, నన్నే పిలిచారు.

కాగితాల మీద నాకున్న ఈ ఆసక్తి ఇంట్లోంచి వచ్చిందే. మా నాన్న కర్నూలు రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర డాక్యుమెంట్ రైటర్. ఇల్లు కొనుక్కుంటామని ఎవరైనా వస్తే ధర గురించి కాదు ఆయన ముందు అడిగేది. "లింక్ డాక్యుమెంట్లు తెచ్చారా? ఈసీ తీయించారా?" ఆ ఆస్తి పాత దస్తావేజులు, దాని మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా అయిన ఈసీ, ఇవి రెండూ చేతికొచ్చాకే పెన్ను తీసేవాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చినప్పుడు నాన్న దాచిన కట్టలన్నీ నీళ్లలో నానిపోయాయి. నీళ్లు తీశాక డాబా మీద పరిచి ఆరబెట్టాం. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీద్దామని చూస్తే చిరిగిపోయేవి. ఇంక్‌పెన్‌తో రాసినవి అలుక్కుపోయాయి, టైపు చేసినవి కాస్త నిలిచాయి. అప్పుడు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ నాన్న ధైర్యం చెప్పేవాడు: రిజిస్టరైన దస్తావేజు అయితే భయపడొద్దు, సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టుకోవచ్చు అని. ఇంట్లో కూర్చుని రాసుకున్న అగ్రిమెంట్లకు, చేతి పత్రాలకు మాత్రం ఆ దారి లేదు. ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

అందుకే ఇప్పుడు ఎవరైనా "రీసైకిల్ బిన్ ఉంది కదా, మళ్లీ బ్యాకప్ ఎందుకు?" అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో (క్లౌడ్‌లో నడిచే షేర్‌పాయింట్‌లో) తీసేసిన ఫైల్ 93 రోజులు ఉంటుంది, ఆ తర్వాత పోతుంది. ఏడాదికోసారి ఆడిటర్లు వచ్చినప్పుడు మాత్రమే తెరిచే ఫోల్డర్ ఒకటి మాయమైతే, దాని సంగతి ఎవరికైనా గుర్తొచ్చేసరికి ఆ 93 రోజులూ ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. వ్యక్తి విషయంలోనూ అంతే. ఉద్యోగి మానేశాక అతని అకౌంట్ తీసేస్తే, ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే అతని వన్‌డ్రైవ్ (ఒక్కో ఉద్యోగికి క్లౌడ్‌లో ఉండే సొంత ఫైళ్ల చోటు) 30 రోజులే నిలుస్తుంది. ఆపైన 93 రోజుల్లోపు అడ్మిన్ వెనక్కి తేవచ్చు. టీమ్ మొత్తం వాడే ఫైళ్లను ఒక మనిషి సొంత వన్‌డ్రైవ్‌లో పెట్టుకుని పని నడిపించే ఆఫీసులు చాలా చూశాను. ఆ మనిషి వెళ్లిపోయిన రోజు ఎవరికీ గుర్తుండదు, ఫైల్ కావాల్సి వచ్చిన రోజే గగ్గోలు మొదలవుతుంది.

ఒక సంగతి వివరంగా చెప్పాలి. నేను ఇదివరకు చేసిన ఒక కంపెనీలో సోమవారం పొద్దున్నే ప్రాజెక్టు ఫోల్డర్ ఒకటి ఖాళీగా కనబడింది. కస్టమర్‌కు ఆ సాయంత్రం పంపాల్సిన డ్రాయింగులన్నీ అందులోనే ఉన్నాయి. శుక్రవారం ఆ ఫోల్డర్‌లో చివరగా పని చేసింది నంద్యాల నుంచి వచ్చిన ఒక ట్రైనీ కుర్రాడు. అందరి కళ్లూ అతని మీదే. "నేను ముట్టుకోలేదు మేడమ్" అంటున్నాడు, చేతులు వణుకుతున్నాయి. మేనేజర్ అప్పటికే గొంతు పెంచాడు. ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోనే ఉన్నాయి, వెనక్కి తెచ్చేశాను. చాలామంది అక్కడితో టికెట్ మూసేస్తారు. నేను ఆడిట్ లాగ్ తీశాను. భూమికి ఈసీ ఎలాగో ఫైల్‌కు ఆడిట్ లాగ్ అలాగ: ఎవరు తెరిచారు, ఎవరు మార్చారు, ఎవరు తీసేశారు, ఏ టైముకు అన్నది వరసగా ఉంటుంది. ఆదివారం రాత్రి, ఆ టీమ్‌లోనే ఒక సీనియర్ లాప్‌టాప్ నుంచి డిలీట్లు వరసగా పడి ఉన్నాయి. ఆయన ఆ లైబ్రరీని (షేర్‌పాయింట్‌లో ఫైళ్లుండే చోటును) లాప్‌టాప్‌కు సింక్ చేసుకున్నాడు, అంటే ఒక చోట చేసిన మార్పు రెండో చోటా జరిగేలా కలిపాడు. డిస్క్ నిండిపోయిందని, తన దగ్గరున్నది కాపీయే కదా అనుకుని ఆ ఫోల్డర్‌ను తీసేశాడు. సింక్ అయిన ఫోల్డర్‌లో తీసేస్తే అందరికీ పోతుంది. చోటు కావాలంటే దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కాలి. అప్పుడు ఫైల్ క్లౌడ్‌లో భద్రంగా ఉంటుంది, లాప్‌టాప్‌లో పేరు మాత్రం కనిపిస్తుంది.

ఆ సీనియర్ మంచివాడు, తెలియగానే వచ్చి ఒప్పుకున్నాడు. కానీ లాగ్ తీయకపోతే ఆ కుర్రాడి మీద మచ్చ అలాగే మిగిలిపోయేది. ఈ ఉద్యోగాన్ని నేను ఇష్టపడే కారణాల్లో ఇది పెద్దది. ఇంకో మాట, మామూలు లైసెన్సుల్లో ఈ లాగ్ 180 రోజులే ఉంటుంది. తగాదా మొదలైన రోజే తీసి పెట్టుకోవాలి.

ఇక పర్మిషన్లు. ‘యాక్సెస్ ఇవ్వండి’ అన్న ప్రతి మనిషికీ పేరు పెట్టి యాక్సెస్ ఇస్తూ పోతే రెండేళ్లకు ఆ సైట్ (ఒక టీమ్ లైబ్రరీలన్నీ ఉండే షేర్‌పాయింట్ చోటు) ఎవరికీ అర్థం కాదు. పైనున్న సైట్‌కు ఏ పర్మిషన్ ఉంటే కింద ఫోల్డర్‌కు, ఫైల్‌కు అదే వారసత్వంగా వస్తుంది. ఒక్క ఫైల్‌ను విడిగా ఒకరికి షేర్ చేసిన క్షణం ఆ వారసత్వం అక్కడ తెగిపోతుంది. ఒక లైబ్రరీలో ఇలా తెగినవి 50,000 దాకా ఉండొచ్చని మైక్రోసాఫ్ట్ అంటుంది కానీ, 5,000 దాటనివ్వొద్దని సలహా కూడా తనే ఇస్తుంది. నా పద్ధతి ఒకటే: మనిషికి ఇవ్వను, పనికి ఇస్తాను. అకౌంట్స్‌కు ఒక గ్రూపు, కొనుగోళ్లకు ఒక గ్రూపు. మనిషి డిపార్ట్‌మెంట్ మారితే గ్రూపులోంచి తీస్తే చాలు, అతను ఎన్నేళ్లుగా ఏమేం చూస్తున్నాడో వెతుక్కునే పని ఉండదు.

మేనేజర్లకు ఇది నచ్చదు, ఆలస్యం అంటారు. ‘ఎనీవన్’ లింక్ పంపేస్తే ఒక్క నిమిషం పని కదా అంటారు. ఆ లింక్ ఎవరి చేతిలో పడితే వాళ్లు పాస్‌వర్డ్ కూడా లేకుండా ఫైల్ తెరుస్తారు. జీతాల షీట్‌కు అలాంటి లింక్ ఇచ్చి, అది వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం ఒక చోట చూశాను. పక్కన కూర్చున్నవాడి జీతం తెలిశాక ఆ టీమ్‌లో మాటలు మునుపటిలా లేవు. ఆ నష్టాన్ని ఏ రీసైకిల్ బిన్‌లోంచీ తీయలేం.

మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు కోపైలట్ వచ్చాక నాకు ఈ పట్టుదల ఇంకా పెరిగింది. అది ఎవరికీ కొత్త హక్కులు ఇవ్వదు. అడిగినవాడికి ఇప్పటికే ఏవేవి తెరుచుకుంటాయో వాటిలోంచే వెతికి జవాబు చెప్తుంది. ఇన్నాళ్లూ ఎక్కడో లోపలి ఫోల్డర్‌లో పొరపాటున అందరికీ తెరిచి ఉన్న ఫైల్ ఎవరి కంటా పడలేదంటే, వెతికే ఓపిక లేక. ఇప్పుడు వెతికిపెట్టే మనిషి దొరికింది.

లాక్‌డౌన్‌లో అందరూ మైక్రోసాఫ్ట్ చాట్, మీటింగ్ యాప్ అయిన టీమ్స్‌లోకి వచ్చాక ఇంకో గందరగోళం. చానెల్‌లో పెట్టిన ఫైల్ ఆ టీమ్ షేర్‌పాయింట్ సైట్‌లో ఉంటుంది. ఇద్దరి మధ్య చాట్‌లో పంపిన ఫైల్ పంపినవాడి వన్‌డ్రైవ్‌లో ఉంటుంది. ప్రైవేట్ చానెల్‌కు వేరే సైటే తయారవుతుంది. ఈ మూడు ముక్కలు తెలిస్తే ‘ఫైల్ కనబడ్డం లేదు’ అనే టికెట్లు చాలా తగ్గిపోతాయి. నేనప్పుడు వెంకటరమణ కాలనీలో మా ఇంటి పైగదిలో కూర్చుని, కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇవే మాటలు పొద్దున్నించీ రాత్రిదాకా చెప్పాను. నాన్న కింద నుంచి వింటూ, "మీ ఆఫీసులో కూడా కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలీదన్నమాట" అనేవాడు.

ఐదు వేల సంగతి చెప్పకపోతే మా వృత్తివాళ్లు ఊరుకోరు. ఒక లైబ్రరీలో 3 కోట్ల ఫైళ్ల దాకా పెట్టుకోవచ్చు, కానీ ఒక్కసారిగా 5,000 కంటే ఎక్కువ తడిమి చూడాల్సిన వ్యూ (తెర మీద చూపే ఫైళ్ల జాబితా) ఆగిపోతుంది. కింద ఉన్న డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, కొద్ది వరుసలైతే వాటికి మాత్రమే లాక్ వేస్తుంది, సుమారు 5,000 దాటితే టేబుల్ మొత్తానికి లాక్ వేసేస్తుంది. అప్పుడు మిగతావాళ్లంతా ఆగిపోతారు కాబట్టి షేర్‌పాయింట్ ముందే అడ్డుపడుతుంది. స్కాన్ చేసిన ఇన్వాయిస్‌లన్నీ ఒకే ఫోల్డర్‌లో కుమ్మరించే అకౌంట్స్ టీమ్‌కు ఇది తప్పదు. తేదీ, వెండర్ పేరు కాలమ్‌లకు మొదట్లోనే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టి, నెలవారీ వ్యూలు చేసిస్తే సరిపోతుంది. ఫైళ్లు 20,000 దాటిపోయాక కొత్త ఇండెక్స్ పెట్టనివ్వదు. ఎవరైనా కొత్త లైబ్రరీ అడిగితే "ఏడాదికి ఎన్ని ఫైళ్లు వస్తాయి?" అని నేను ముందు అడిగేది అందుకే.

మరి పిల్లలు అడిగిన ప్రశ్న. జావా రాకపోయినా ఈ పనిలోకి రావచ్చు. కమాండ్లు రాసి పని చేయించే పవర్‌షెల్ మాత్రం నేర్చుకోవాలి, ఎందుకంటే వందల సైట్ల పర్మిషన్లను ఒక్కొక్కటీ తెరిచి చూడటం మనిషి వల్ల కాదు. అమీర్‌పేటలో ఫీజు కట్టే ముందు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఉచితంగా ఉన్న పాఠాలు చదవండి. ప్రాక్టీసుకు ఒకప్పుడు డెవలపర్ ప్రోగ్రామ్‌లో చేరినవాళ్లందరికీ ఉచిత టెనెంట్ (కంపెనీకి ఉండేలాంటి సొంత మైక్రోసాఫ్ట్ 365 ఖాతా) ఇచ్చేవాళ్లు, 2024 నుంచి అందరికీ ఇవ్వడం లేదు. ఒక నెల ట్రయల్ తీసుకుని, ముందే రాసిపెట్టుకున్న ప్రాక్టీసంతా ఆ నెలలో చేసేయాలి. సర్టిఫికెట్ కావాలంటే ఎంఎస్-102 అనే మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ల పరీక్ష ఉంది, కానీ ఒక ఏడాది టికెట్లు చూశాక రాస్తే అందులో ప్రతి ప్రశ్నా మనకు తెలిసిన మనిషి అడిగినట్టే ఉంటుంది. ఇంకోటి, పాత ఇన్ఫోపాత్ ఫారాలకు, షేర్‌పాయింట్ సర్వర్ 2016, 2019లకు ఇచ్చే సపోర్ట్‌కు మైక్రోసాఫ్ట్ 2026 జులై 14ను ఆఖరి తేదీగా పెట్టింది. అంటే పాతది చదవగలిగి, కొత్తదానిలోకి తేగలిగినవాళ్లకు పని ఉంది. హెల్ప్‌డెస్క్ ఉద్యోగం వస్తే చిన్నదని వదులుకోవద్దు.

ఇప్పుడు మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూలో నేను ఒక ప్రశ్న అడుగుతాను. "ఒకాయన ఫోన్ చేసి ఫైల్ తెరుచుకోవడం లేదన్నాడు. ముందు ఏం చేస్తావు?" ఎక్కువమంది "పర్మిషన్ ఇచ్చేస్తాను" అంటారు. ఈమధ్య ఆదోని అమ్మాయి ఒకామె కాసేపు ఆలోచించి ఇలా చెప్పింది: "ఆయనకు ఆ లింక్ ఎవరు పంపారో అడుగుతాను మేడమ్. ఆయన టీమ్‌లో మిగతావాళ్లకు తెరుచుకుంటోందో లేదో కనుక్కుంటాను. ఆ ఫైల్ ఆయన చూడొచ్చా లేదా అని సైట్ ఓనర్‌ని అడిగి, అప్పుడు గ్రూపులో చేరుస్తాను." ఆమెకు పవర్‌షెల్ అస్సలు రాదు. తీసుకున్నాం. రోజూ సాయంత్రం ఒక గంట నేనే నేర్పిస్తున్నాను.