ప్లాస్టిక్ మీద చెక్క గీతలు

మా నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలు చేతిలోకి తీసుకుని చూడండి, ఏ రెండిటి మీదా గీతలు ఒకేలా ఉండవు, ప్లాస్టిక్ మోడల్ మీద చెక్క రంగు వెయ్యడం నాకు నేర్పింది ఆ గరిటెలే అంటాను. ఇప్పుడు 1/48 స్కేల్‌లో, అంటే అసలు విమానంలో 48వ వంతు సైజులో, ఆల్బట్రాస్ డి.5 మోడల్ చేస్తా ఉండా, 1917 నాటి జర్మన్ ఫైటర్, రెక్కలకి గుడ్డ గానీ బాడీ మొత్తం ప్లైవుడ్డే, అందుకే చెక్క కుదరకపోతే ఆ విమానమే కుదరనట్టు.

ముందు లేత ఇసుక రంగు యాక్రిలిక్ కొట్టి బాగా ఆరనివ్వాల, తర్వాత బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు ఆయిల్ పెయింట్ చాలా పల్చగా పూసి, గట్టి కుచ్చున్న పొడి బ్రష్‌తో ఒకే దిక్కుకి లాగితే కింది రంగు సన్నగా బయటపడి గీతలు పడతాయి, ప్యానెల్ ప్యానెల్‌కీ మాస్కింగ్ టేప్ వేసి దిక్కూ రంగూ కొంచెం కొంచెం మార్చాల. ఆయిల్ కదా, ఆరడానికి రోజులు పడుతుంది, మన ఉక్కలో తొందర అస్సలు పనికిరాదు. ఆరాక పైన క్లియర్ ఆరెంజ్, అంటే కింది రంగు కనపడే నారింజ పెయింట్, పల్చగా కొడితే వార్నిష్ మెరుపు వచ్చేస్తుంది, ఎంత బాగుంటుందో!

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, గీతలు మరీ కొట్టొచ్చినట్టు వెయ్యబాకండి. అసలు చెక్కని 48 రెట్లు చిన్నది చేస్తే సన్న గీత కంటికి ఆనదు, రంగులో తేడానే మిగుల్తుంది. ప్రొపెల్లర్ సంగతి వేరు, అది చెక్క పలకలు పొరలు పొరలుగా అంటించి చెక్కేవాళ్ళు, కాబట్టి లేత ముదురు పట్టీలు స్పష్టంగా కనపడాల, ఈ వారం దాని మీదే కూర్చుంటా.