మనదే, మనదే

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు, నాకే నిద్ర పట్టట్లేదు. బావగారు వచ్చి ఇవాళ్టికి ఐదో రోజు. మనిషి మంచివారే, ఆ సంగతి మీకూ తెలుసు, కానీ కౌలాలంపూర్‌లో దిగినప్పటి నుంచీ ఏది తినిపించినా ఒకటే మాట, "ఇది మనదేనమ్మా."

పొద్దున మామక్ హోటల్‌కి తీసుకెళ్ళాం. రోటి చనాయ్ వచ్చింది. "మన పరోటానే, పేరు మార్చారంతే." నాసి లెమాక్ పొట్లం విప్పితే "కొబ్బరన్నం." పాండన్ అనే సువాసన ఆకు వేసి వండుతారు బావగారూ, ఒక్కసారి వాసన చూడండి అని నేను అనేలోపే పక్కన వేయించిన నెత్తళ్ళు కనబడ్డాయి, అవీ మనవే. తే తారిక్ పోసే అబ్బాయి రెండు మగ్గుల మధ్య టీని అంత పొడుగున లాగి నురగ తెప్పిస్తుంటే మాత్రం ఫోన్లో వీడియో తీశారు. తీసి, ఒక గుక్క తాగి, "మిల్క్‌మెయిడ్ టీ" అన్నారు. మధ్యాహ్నం చెందోల్. ఐసు తురుము, కొబ్బరిపాలు, కొబ్బరిచెట్టు కల్లు కాచి తీసిన గుల మెలక బెల్లం, పచ్చటి జెల్లీ ముక్కలు. చెంచా నోటిదాకా వెళ్ళకముందే "ఫలూదా!"

ఉండబట్టలేక, ఆ నాసి లెమాక్, రోటి చనాయ్, తే తారిక్‌లతో కూడిన మలేషియా టిఫిన్ సంస్కృతిని 2024లో యునెస్కో వాళ్ళు సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చారు తెలుసా అన్నాను. "అయితే అందులో మనకీ వాటా రావాలి" అన్నారు. మా ఆయన పడీ పడీ నవ్వడం. ఈయన ఎవరి వైపో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నాకు మండేది ఆయన అన్నది తప్పని కాదు. నిజానికి మామక్ అనే పేరే తమిళంలో 'మామా' అన్న పిలుపు నుంచి వచ్చిందంటారు, ఆ హోటళ్ళు తమిళ ముస్లింలవి, ఆ రొట్టె ఏ ఒడ్డు నుంచి వచ్చిందో అందరికీ తెలిసిందే. మనదే అనేసరికి ఇక రుచి చూసే పని లేనట్టు మాట్లాడతారే, అదీ బాధ. చీనా వాళ్ళూ మలయ్ వాళ్ళూ మనవాళ్ళూ పక్కపక్క బల్లల మీద తింటూ, ఒకరి వంటలోకి ఒకరు చెయ్యి పెట్టి ఇన్నేళ్ళుగా తయారుచేసుకున్న తిండి ఇది. దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

ఇది రాస్తుంటేనే గుర్తొచ్చింది, నేనేం తక్కువ తిన్నానా. పదకొండేళ్ళ కిందట, వచ్చిన మొదటి నెల. శనివారం, ఒంటరిగా ఫుడ్ కోర్టులో నిలబడి ఏం తినాలో తెలియక ఏడుపొచ్చేస్తోంది. ఒక పళ్ళెంలో ఆకుకూర కనబడింది. కాంగ్‌కుంగ్ అన్నారు. దగ్గరికెళ్ళి కాడలు చూస్తే తూటికూర! అమ్మమ్మగారి ఊళ్ళో చెరువు గట్టున ఎవరూ పట్టించుకోకుండా పడి ఉండేది, అమ్మమ్మ ఒక్కతే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి కోసుకొచ్చేది, మాకేమో అది గేదెల మేత. ఆ రోజు ఆ పళ్ళెం ముందు కూర్చుని చుట్టాన్ని చూసినట్టు చూశాను. సగం తిన్నాక తెలిసింది, ఆ కమ్మటి ఘాటు బెలచాన్‌దని, అంటే పులియబెట్టి ఎండబెట్టిన రొయ్యల ముద్ద. రొయ్యపొట్టు వాసన నాకు తెలియక కాదు, శనివారమని తెలియనట్టు నటించాను. పళ్ళెం ఖాళీ చేశాను. అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు (ఆవిడ ఇవి చదవరు, పెద్దదీ, నువ్వు నోరు మూసుకో). తూటికూర అని పేరు పెట్టుకోకపోతే ఆ రోజు మొదటి ముద్ద గొంతు దిగేదే కాదు.

అయితే ఇవాళ నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదీ కాదు. సాయంత్రం అసమ్ లక్సా తెప్పించాం, పెనాంగ్‌ది. కానాగంతలు ఉడికించి ముళ్ళు తీసి, చింతపండు పులుపుతో పులుసు కాచి, బియ్యప్పిండి నూడుల్స్ మీద పోసి, పైన అనాస, దోస, పుదీనా వేస్తారు. బావగారు ఒక చెంచా తాగారు. ఏమీ అనలేదు. ఇంకో చెంచా. నేను ఎదురుచూస్తున్నాను, ఇదిగో అంటారు, ఇప్పుడంటారు అని. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను కాబోలు, "మన చేపల పులుసు లాంటిదే బావగారూ" అనేశాను. నేనే!

ఆయన తలెత్తి, "కాదమ్మా, ఇందులో ఏదో పువ్వు వాసన ఉంది, అదేంటి?" అన్నారు.

బుంగ కంతాన్. అల్లం జాతి మొగ్గ, గులాబీ రంగులో ఉంటుంది, సన్నగా తరిగి వేస్తారు. చెప్పాను. విడిగా చూడాలట. మార్కెట్లో అది పొద్దున్నే అయిపోతుంది, ఆరున్నరకల్లా బయలుదేరాలి. అలారం పెట్టాను. మా ఆయన్ని మాత్రం లేపను.