పులికాట్ మీద సాయంత్రం, ఇరకంలో రాత్రి

పడవలో కూర్చుని సూర్యాస్తమయం చూడాలంటే గోవా దాకా వెళ్లాలని మా తిరుపతిలో చాలామంది అనుకుంటారు. 2022లో కొత్త జిల్లా ఏర్పడ్డాక సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ మన జిల్లాలోకే వచ్చింది. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే!

తడ దగ్గర భీములవారిపాళెం రేవులో ఎండ తగ్గకముందే పడవ ఎక్కండి. ఇరకం దీవి తూర్పున ఉంది కాబట్టి అందరూ ముందువైపు చేరతారు. మీరు వెనక కూర్చోండి, సూర్యుడు దిగేది అటే. సరస్సు చాలాచోట్ల మీటరు లోతు కూడా ఉండదు. ఒకచోట ఇంజను ఆపేసి గెడ వేశారు. గెడ లేచిన ప్రతిసారీ దాని కొసన నల్లటి బురద, నాచు పోగులు, వాటి మీద ఎర్రటి వెలుగు. చలికాలమైతే దూరంగా ఫ్లెమింగోల గుంపులు కూడా కనిపిస్తాయి.

దీవిలో రాత్రి సందడి మత్స్యకారులది. వీధి దీపం కింద వలలు బాగుచేసుకుంటూ పెద్దవాళ్లు, వాళ్ల చుట్టూ పరుగులు తీసే పిల్లలు. మాకు అన్నం పెట్టిన అక్క పెనం మీద రొయ్యలు తిరగేస్తూ, "కారం సరిపోయిందా అమ్మా?" అని అడిగింది. అంత తాజా రొయ్యలు నేను తిరుపతిలో ఎప్పుడూ తినలేదు.

రాత్రి ఉండాలంటే ముందే ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడుకోండి. తిరుగు పడవ వేళ రేవులోనే కనుక్కోండి. లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి.