ఆరడం వేరు, ఎండడం వేరు

మా అమ్మాయికి పదహారేళ్ళు నిండి డ్రైవింగ్ లైసెన్సు వచ్చిన వారమే ఇంట్లో ఉన్న పాత కారు తన చేతికి వచ్చింది. 2009 మోడల్ సెడాన్, ముదురు నీలం రంగు. ఇంజిన్‌కి ఏ లోటూ లేదు. కానీ ఏళ్ళ తరబడి డాలస్ ఎండలో నిలబడి పైకప్పు, బానెట్, డిక్కీల మీద పైపొర లేచిపోయింది. పాము కుబుసం విడిచినట్టు రేకులు రేకులుగా ఊడుతోంది. గోటితో గీకితే తెల్లటి పొలుసులు రాలేవి. బాడీ షాపులో అడిగితే కారు ఖరీదు కన్నా ఎక్కువే చెప్పారు.

"నేనే వేసుకుంటాను, మన గరాజ్‌లోనే" అంది మా అమ్మాయి, ఇంగ్లీషులో.

నాకు వెంటనే మాట రాలేదు. మా నాన్న కార్లకీ లారీలకీ రంగులు వేసిన మనిషి. ఆ సంగతి నా పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు.

మాది విజయవాడ, పటమట. నాన్న ముప్ఫై ఏళ్ళు ఆటోనగర్‌లోనే పనిచేశారు. లారీలకి బాడీలు కట్టే షెడ్లు వరుసగా ఉండే చోటు అది. సెలవురోజుల్లో నేను క్యారేజీ పట్టుకెళ్తే గేటు దగ్గరే అందుకుని, "ఇది నీ చోటు కాదమ్మా, ఇంటికెళ్ళి చదువుకో" అని పంపేసేవారు. లోపల ఎలా ఉంటుందో నేను చూసిందే లేదు. రాత్రి ఆయన చొక్కాకి ఉండే థిన్నర్ వాసన, గోళ్ళ చుట్టూ ఏ రోజుకి ఆ రోజు మారే రంగు, ఇవే నాకు తెలిసిన షెడ్డు. తడిపిన జేబురుమాలు ముక్కుకి కట్టుకుని రంగు కొట్టే స్ప్రే గన్ను పట్టేవారు. యాభై దాటకుండానే ఆయాసం మొదలైంది. ఇప్పటికీ దిండు పక్కన ఇన్‌హేలర్ ఉండాల్సిందే. ఆ డబ్బుతోనే నన్ను ఇంజనీరింగ్ చదివించారు. నా పెళ్ళి బయోడేటాలో తండ్రి వృత్తి అన్నచోట "ఆటోమొబైల్ బిజినెస్" అని రాశారు మా వాళ్ళు. నేను ఆ మాటనే అమెరికా తెచ్చుకుని, పిల్లలకీ అదే చెప్పాను. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

శనివారం సాయంత్రం ఏడింటికి ఫోన్ చేశాం. అక్కడ ఆదివారం తెల్లవారుజాము అయిదున్నర. నాన్న అప్పటికే లేచి కాఫీ తాగుతున్నారు. మనవరాలు చెప్పింది విని చాలాసేపు ఏమీ అనలేదు. కోప్పడతారనే అనుకున్నాను. నన్ను గేటు దాటనివ్వని మనిషి కదా.

"మెటాలిక్కా, మామూలు రంగా?" అన్నారు.

అక్కడి నుంచి ఆరు వారాలు, శనివారం శనివారం ఆ వేళకి ఫోను మోగడం ఇంట్లో అలవాటైపోయింది.

మా అమ్మాయి తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే మనబడిలో మూడో ఏడు మధ్యలో మానేసింది. అక్షరాలు వచ్చు, చదవగలదు. ఎవరైనా పలకరిస్తే మాత్రం ఇంగ్లీషులో జవాబు చెప్పి తప్పుకునేది. అమ్మమ్మతో ఫోనంటే "బాగున్నాను", "తిన్నాను", అంతే. ఆ రెండు మాటల్లో దానికేం అవసరం ఉంటుంది? ఈ కారు పనిలో అవసరం పడింది. నాన్నకి ఇంగ్లీషు రాదు. దానికి కావాల్సిన పని ఆయన చేతుల్లో ఉంది.

మొదట గీకుడు. ఊడుతున్న పొర అంచులు మెట్టులా ఉంటే పైన ఎంత మంచి రంగు కొట్టినా ఆ మెట్టు కనిపిస్తుంది. మూడువందల ఇరవై నంబరు కాగితంతో అంచు అరగదీసి, ఆరువందల నంబరు వాటర్ పేపరుతో నునుపు చేయాలి. మూడు గంటలు గీకి, అయిపోయిందని ఫోన్ కెమెరా చూపించింది. నాన్న కెమెరా వద్దన్నారు. "పల్చటి నూలు గుడ్డ తీసుకో తల్లీ. అరచేతి కింద పెట్టుకో. కళ్ళు మూసుకుని మెల్లగా పొడుగ్గా నిమురు" అన్నారు. మా ఆయన పాత లుంగీ ఒకటి చింపి ఇచ్చాను. బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ముందు నుంచి అద్దం దాకా ఒకసారి నిమిరింది. మధ్యలో చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏముంది అక్కడ?" అన్నారు నాన్న.

"గుంట" అంది. కాసేపాగి, "చిన్న గుంట, పక్కన ఎత్తు" అంది.

ఆ గుంట కంటికి కనిపించదు. నేనూ చెయ్యి పెట్టి చూశాను, ఉంది. ఉత్త చెయ్యి రేకుకి అతుక్కుని మోసం చేస్తుందట, గుడ్డ ఉంటే చెయ్యి జారుతుంది కాబట్టి ఎత్తుపల్లాలు తెలిసిపోతాయట. ముప్ఫై ఏళ్ళ పనితనాన్ని ఆయన అలా ఒక లుంగీ ముక్కతో అందించారు. ఆ గుంటకి లప్పం పెట్టి, మళ్ళీ గీకి, మళ్ళీ నిమిరేసరికి ఇంకో వారం గడిచింది.

తరవాత ప్రైమర్, రంగు కింద వేసే పూత. వేసిన అరగంటకి ముట్టుకుంటే వేలికి అంటలేదు. ఇక గీకెయ్యొచ్చా అని అడిగింది. "ఆరింది, ఇంకా ఎండలేదు" అన్నారు నాన్న. అది నావైపు చూసింది. రెంటికీ దానికి తెలిసిన మాట 'డ్రై' ఒక్కటే. నాకూ వెంటనే చెప్పడం రాలేదు. పుట్టినప్పటి నుంచీ వాడుతున్న మాటలే, ఎప్పుడూ విడదీసి చూడలేదు. అప్పుడు నాన్నే చెప్పారు: "బట్టలు ఆరతాయి. మిరపకాయలు ఎండుతాయి. పైన తడి పోతే ఆరడం, లోపల కూడా గట్టిపడితే ఎండడం. ఆరినదాని మీద ఇంకో కోటింగ్ వేయొచ్చు. ఎండిందాన్నే గీకాలి." బడిలో చేతిపనులు నేర్పే దాని షాప్ క్లాసు టీచరు ఇదే సంగతిని ఇంగ్లీషులో వేరే రెండు మాటలతో చెప్పారట, అప్పుడు సరిగా ఎక్కలేదంది. ఆ రాత్రి డ్రయ్యర్‌లోంచి బట్టలు తీస్తూ "ఆరాయి" అంది తనలో తను. నేను విననట్టే ఉండిపోయాను.

ఇంకో మాట తిరుగు ప్రయాణం చేసి వచ్చింది. నాన్న స్ప్రే రంగుని "డ్యూకో" అంటారు. అది తెలుగు మాటేమో అనుకుని మా అమ్మాయి వెతికింది. 1920లలో అమెరికాలో డూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ రంగు పేరది. అంతకుముందు కారుకి రంగు వేసి ఎండనివ్వడానికి వారాలు పట్టేది. డ్యూకో వచ్చాక రోజుల్లో అయిపోయేది. మొట్టమొదట 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకి వేశారట, నీలం రంగే. "తాతయ్యా, మీ డ్యూకో మా ఊళ్ళోదే" అని చెబితే నాన్న ఎంత మురిసిపోయారో. ముప్ఫై ఏళ్ళు ఆ మాట అన్నాను, ఎక్కడిదో అడిగినవాడు లేడు అన్నారు.

మధ్యలో వినాయక చవితి వచ్చింది. స్నేహితులింట్లో పూజ. మా అమ్మాయి వేళ్ళకి బూడిదరంగు ప్రైమర్ ఇంకా ఉంది. ఒకావిడ చూసి, "ఎందుకండీ ఈ పనులు, హాయిగా శాట్‌కి చదువుకోక" అంది, కాలేజీ ప్రవేశ పరీక్ష గురించి. చెడ్డ మనిషి కాదు, ప్రేమగానే అంది. కానీ ఆ మాటలో నాకు మా ఆటోనగర్ గేటు కనిపించింది. మనం ఇంత దూరం వచ్చాం, డబ్బు వచ్చింది, చేతులకి రంగు అంటితే తక్కువ అన్న మాటని మాత్రం సూట్‌కేసులో భద్రంగా తెచ్చుకున్నాం. మా పక్కింటి పెద్దాయన రిటైరైన మనిషి, శనివారాలు గరాజ్ తలుపు ఎత్తి ఏదో ఒకటి విప్పుతూనే ఉంటాడు. ఆయనే అరవై గ్యాలన్ల కంప్రెసర్ వాడుకోమన్నాడు. మా అమ్మాయి పనితనం చూసి తన మనవడిని తీసుకొచ్చి చూపించాడు. ఈ దేశంలో నా పిల్లలు నేర్చుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుకునేది ఇది. ఆవిడకి నేను, "మా నాన్న పెయింటరండీ, ఆయన దగ్గర నేర్చుకుంటోంది" అన్నాను. పదిమందిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. మా అమ్మాయి పక్కనే ఉంది.

టెన్షనంతా రంగు మీద వేసే క్లియర్ దగ్గర, మెరుపునిచ్చే రంగులేని పైపొర అది. నాలుగు పాళ్ళకి ఒక పాలు హార్డెనర్, అంటే గట్టిపరిచే మందు, కలుపుతారు. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పీలిస్తే ఉబ్బసం వస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తరవాత కొంచెం తగిలినా ఊపిరి అందదు. వాసనతో పసిగట్టలేం కాబట్టి బొగ్గు ఫిల్టర్ల మాస్కుని నమ్మడానికి లేదు. బయట పెట్టిన పంపు నుంచి గొట్టంతో మంచి గాలి వచ్చే హుడ్ కావాలి. చర్మం కూడా కనపడకూడదు. మా నాన్న ఊపిరితిత్తులు చూసినదాన్ని, దీంట్లో రాజీ పడలేను. ఎపాక్సీ ప్రైమర్, నీలం రంగు వరకు మాస్కుతో నువ్వు వెయ్యి, క్లియర్ మాత్రం హుడ్ పెట్టుకుని నేను వేస్తాను, ఆ గంటలో నువ్వు గరాజ్ ఛాయలకి రాకూడదు అన్నాను. అలిగింది. నాన్న నా పక్షమే. "నాకు అప్పుడు చెప్పినవాళ్ళు లేరు తల్లీ. నీకు మీ అమ్మ ఉంది" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు అది.

గన్ను తిప్పడం ఇద్దరం కలిసే నేర్చుకున్నాం, తుక్కు యార్డులో కొన్న పాత ఫెండర్ మీద. ఎంత దూరంలో పట్టాలని అడిగితే "జానెడు" అన్నారు నాన్న. మా అమ్మాయి జాన టేపు పెట్టి చూస్తే ఏడంగుళాలు. సరిగ్గా సరిపోయింది. మణికట్టు తిప్పకూడదు, మనిషే నడవాలి. ముందు పోయిన చారలో సగం మీదుగా రెండో చార పోవాలి. మెటాలిక్ రంగు ఒకచోట తడిగా పడితే అక్కడ మెరుపు పొడి కిందకి దిగి మచ్చలా నల్లబడుతుంది. అది ఆ ఫెండర్‌ని నాలుగుసార్లు గీకి మళ్ళీ కొట్టింది. దానికంత ఓపిక ఉందని అప్పుడే తెలిసింది నాకు.

అక్టోబరు మొదట్లో ఎండ తగ్గాక పని పెట్టుకున్నాం. ఊరి నిబంధనలూ, మా కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం (హెచ్‌ఓఏ) కాగితాలూ ముందే చూసుకున్నాం. వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంది. థిన్నర్ ఆవిరికి దాని మంట తగిలితే ఇల్లే అంటుకుంటుంది కాబట్టి గ్యాస్ కట్టేశాం. రెండు రోజులు ఇంటిల్లిపాదికీ చన్నీళ్ళ స్నానాలే. గోడలకి ప్లాస్టిక్ కట్టాం. దుమ్ము లేవకుండా నేల తడపాలి, "కళ్లాపి చల్లు" అన్నారు నాన్న. మా చిన్నాడు బకెట్ పట్టుకుని కాంక్రీటు నేల మీద చల్లుతుంటే ఫోన్‌లో మా అమ్మ "ముగ్గు కూడా వెయ్యరా" అంది.

మా అమ్మాయి నీలం రంగు మూడు కోటింగులు వేసింది. మర్నాడు పొద్దున దాన్ని ఇంట్లోకి పంపేసి, హుడ్ తగిలించుకుని నేను గన్ను పట్టుకున్నాను. చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు. మొదటి చార పడగానే మాసినట్టున్న నీలం మీద తడి మెరుపు అలా పరుచుకుంటూ పోయింది. నాన్న రోజూ చూసింది ఇదన్నమాట. నాకు హుడ్ లోపల కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేకపోయింది.

మర్నాడు సాయంత్రం ఫోను ఏటవాలుగా పట్టుకోమన్నారు. రంగు చూడ్డం లేదు ఆయన, బానెట్‌లో కనిపించే గరాజ్ ట్యూబ్‌లైటు చూస్తున్నారు. "లైటు గీత గీసినట్టు ఉంది. బాగుంది. ఇంకొంచెం ఇటు... ఆఁ, డిక్కీ మూల వంకర పోయింది చూడు. అక్కడ కారింది." అక్కడ వేసింది నేనే. ఆ మాట చెప్పాను. ఆయన ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు ఆ మూలే చూశారు. "నువ్వు వేశావామ్మా" అన్నారు. అంతే అన్నారు.

"పదిహేను వందల నంబరా, రెండు వేలా తాతయ్యా?" అని అడిగింది మా అమ్మాయి. ముందు పదిహేను వందలు, తరవాత రెండు వేలు, నీళ్ళలో చుక్క సబ్బు.

దసరా రోజున కారుకి పూజ చేయాలని అమ్మ ముందు నుంచీ చెబుతూనే ఉంది. నిమ్మకాయలు తెచ్చాను, పసుపు కుంకుమ పళ్ళెంలో పెట్టాను. ఫోన్ స్టాండ్ మీద అమ్మా నాన్నా. కుంకుమలో వేలు ముంచి బానెట్ దగ్గరికి వెళ్ళానో లేదో, మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"అమ్మమ్మా, ఆరింది గానీ ఇంకా ఎండలేదు. మరక పడుతుంది. బొట్టు వచ్చే నెల పెడదాం. ఇవాళ్టికి నిమ్మకాయలు చాలు."

అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నవ్వబోయి, దగ్గొచ్చి, చేత్తోనే సరేనన్నారు.