చక్రం కదలని రోజులే ఫొటోల రోజులు

మంచం, ఫ్రిజ్ అన్నీ లోపలే ఉండే ఇంటిబండి, అదే మోటార్‌హోమ్‌లో తిరిగొచ్చామని చెప్పగానే అందరూ మొదట అడిగేది "ఎన్ని కిలోమీటర్లు తిరిగారు?" అనే. మా ఆయనకి ఆ ప్రశ్నంటే ప్రాణం, మీటర్ రీడింగ్‌తో సహా చెప్తారు. ఈ వేసవి ఫొటోల్లో నాకు నచ్చినవి మాత్రం దాదాపు అన్నీ బండి చక్రం కదలని రోజుల్లో తీసినవి. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే "ఆ కొండ దాటితే ఇంకా బాగుంటుందట" అంటారు. నేను కెమెరా మెళ్లో వేసుకుంటే "రేపు పొద్దున్న కూడా ఇక్కడే ఉందామండీ" అంటాను. ట్రిప్ అంతా ఈ బేరంతోనే నడిచింది.

ఎక్కడో గదిలో దిగితే తెల్లవారకముందే లేచి, తయారై, చీకట్లో చెరువు వెతుక్కుంటూ వెళ్లాలి. మోటార్‌హోమ్‌లో అయితే మంచం దిగగానే చెరువు. కాకపోతే ఆ సుఖం దక్కుతుందో లేదో ముందురోజు సాయంత్రం బండిని ఏ వైపు తిప్పి నిలిపామన్న దాని మీద ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో వేసవి సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించడు, ఈశాన్యం వైపు జరిగి ఉంటాడు. అందుకే ఫోన్‌లో సూర్యుడి దారి చూపించే యాప్ తెరిచి, పక్క కిటికీ నీటి వైపు ఉండాలని, వెలుతురు నా వీపు పక్క నుంచి రావాలని అడుగుతాను. ఆయన లెక్కలు వేరు. మా ఫ్రిజ్ గ్యాస్‌తో నడిచేది, దానికి కంప్రెసర్ ఉండదు. లోపలి అమ్మోనియా వేడికి ఆవిరై, చల్లబడి, తన బరువుతో తనే కిందికి జారుతూ తిరిగితేనే అది చల్లబరుస్తుంది. బండి బాగా ఒరిగితే ఆ తిరుగుడు ఆగిపోతుంది. కాబట్టి నేను దిక్కులు చూస్తుంటే ఆయన రసమట్టం పట్టుకుని చక్రాల కింద దిమ్మలు సర్దుతుంటారు. మళ్లీ చెట్టు నీడలో పెడితే పైకప్పు మీది సోలార్ ప్యానెల్ సరిగ్గా పనిచేయదు. ఎండలో పెడితే మధ్యాహ్నానికి లోపల ఉడికిపోతాం. నా కెమెరా బ్యాటరీలు కూడా ఆ ప్యానెల్ మీదే ఆధారపడ్డాయి కాబట్టి ఈ ఒక్క విషయంలో మాత్రం నేను నోరెత్తను.

బండి సరిగ్గా నిలిస్తే మాత్రం అంతకంటే మంచి దాగుడు చోటు ఉండదు. నడిచి వెళ్తే దూరం నుంచే లేచిపోయే కొంగ, కదలకుండా నిలబడ్డ బండిని కాసేపటికి లెక్కచేయడం మానేసింది. పక్షులకైనా జింకలకైనా రెండు కాళ్ల మీద నడిచొచ్చే మనిషి ఆకారమే ఎక్కువ భయం. ఇంజన్ ఆపేసి, లైట్లు తీసేసి, కిటికీ అంచు మీద గింజలు నింపిన చిన్న సంచి వేసి, దాని మీద లెన్స్ ఆనించుకుని కూర్చుంటే ట్రైపాడ్ అవసరమే రాలేదు. కిటికీ మాత్రం తెరవాల్సిందే. మోటార్‌హోమ్ కిటికీలు చాలావరకు గాజువి కావు, రెండు పొరల యాక్రిలిక్. వాటి వెనక నుంచి తీస్తే బొమ్మ మెత్తబడిపోతుంది. లెన్స్‌కి మెరుపులు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ వేసి చూస్తే ఆ ప్లాస్టిక్‌లోని ఒత్తిళ్లన్నీ ఇంద్రధనుస్సు చారల్లా కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కొంగ ఫొటోకి మాత్రం పనికిరాదు.

ఇంకో చిక్కు, లోపల ఎవరు నడిచినా బండి స్ప్రింగుల మీద ఊగుతుంది. కంటికి తెలియని ఆ ఊపు కూడా దూరాన్ని బాగా దగ్గరకి లాగే 600 మి.మీ. లెన్స్‌లో భూకంపమే. "మీరు కాసేపు మంచం దిగకండి" అంటాను. "నీ కొంగ లేచేదాకా నేను లేవకూడదా?" అంటారు. నాలుగు మూలలా స్టాండులు దింపితే ఊపు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

ఈ ట్రిప్‌లో నేను ఎక్కువ సమయం పెట్టింది కొంగల మీద కూడా కాదు, తూనీగల మీద. తూనీగ ఎగరగానే దాని వెంట లెన్స్ తిప్పడం దండగ. చాలా రకాలు ఎగిరి ఒక పురుగుని పట్టుకుని మళ్లీ అదే పుల్ల మీదికి వచ్చి వాలతాయి. పుల్ల కొసకి ఫోకస్ పెట్టి, షట్టర్ వేగం 1/2000 సెకనుకి పెంచి, వేలు మీట మీద ఉంచి కూర్చోవడమే పని. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి కొన్ని తలకిందులుగా నిలబడ్డట్టు తోక భాగాన్ని సూర్యుడి వైపు నిటారుగా ఎత్తుతాయి. అలా చేస్తే ఒంటి మీద పడే ఎండ తగ్గుతుంది. నడినెత్తి ఎండలో ఫొటోలు తీయకూడదని అందరూ చెప్తారు, నిజానికి ఈ భంగిమ దొరికేది అప్పుడే.

తెల్లవారుజామున తుంగ గడ్డి కాడలకి గోధుమరంగు డొల్లలు వేలాడుతుంటాయి. నీళ్లలో పెరిగిన తూనీగ పిల్ల పైకి పాకి, వీపు చీల్చుకుని రెక్కలతో బయటపడ్డాక వదిలేసిన చర్మం అది. దగ్గరగా తీస్తే ఆ చీలికలో తెల్లటి దారాలు కనబడ్డాయి. అవి దాని ఊపిరి గొట్టాల లోపలి పొరలట. అప్పుడే బయటికొచ్చిన తూనీగ రెక్కలు తడి కాగితంలా మెరుస్తుంటాయి, వేలు తగిలితే జీవితాంతం వంకరగా ఉండిపోవచ్చు. అందుకే మంచి కోణం కోసమని కాడ వంచడం, ఆకు తుంచడం నేను చేయను. పక్షి గూడు ముందు కొమ్మలు తప్పించి ఫొటో తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ కొమ్మలు గూటికి నీడ, చాటు. ఫోన్‌తో తీసిన గూడు ఫొటో ఎవరికైనా పంపేముందు అందులోని లొకేషన్ వివరాలు కూడా తీసేస్తాను.

మంచు బిందువుల ఫొటోలకి ముందురాత్రే సూచన దొరుకుతుంది. ఆకాశం మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉంటే నేల వేడి పైకి వెళ్లిపోయి గడ్డి బాగా చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద బొట్లుగా కడుతుంది. మబ్బు పడితే ఆ వేడి అంతగా పోదు. కాబట్టి పడుకునేముందు తలుపు తీసి చుక్కలు చూసి, గడ్డి కదలకపోతే అలారం పెట్టేదాన్ని. సాలెగూళ్లు పొద్దున్నే, సూర్యుడు వెనక నుంచి పడుతుండగా, నల్లటి చెట్ల నేపథ్యంలో తీస్తేనే బాగుంటాయి. లోపల ఏసీ వేసిన రోజుల్లో కెమెరాని సంచిలో జిప్ మూసే బయటికి తెచ్చి, అది వెచ్చబడేదాకా ఆగాల్సి వచ్చేది. లేకపోతే మంచు గడ్డికి బదులు లెన్స్ మీదే కడుతుంది.

వాడిన సబ్బు నీళ్ల ట్యాంకు మాత్రం ఖాళీ చేసేది దానికి కేటాయించిన చోటే, ఎంత దూరమైనా సరే. ఆ తూనీగ పిల్లలు బతికేది చెరువు నీళ్లలోనే కదా. మా ఆయనకి నడపడానికి దొరికిన సాకుల్లో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది ఇదొక్కటే.

ఆగస్టులో పెర్సీడ్ ఉల్కల కోసం ఊళ్ల వెలుగు లేని చోట ఆగాం. 1862లో కనిపెట్టిన స్విఫ్ట్-టటిల్ తోకచుక్క వదిలిన ధూళి అది. ఆ తోకచుక్క చివరిసారి ఇటు వచ్చింది 1992లో, దాని ధూళిదారిని మాత్రం భూమి ప్రతి ఏడూ దాటుతుంది. ఆగస్టు 12, 13 తేదీల దగ్గర ఉల్కలు ఎక్కువ, అదీ అర్ధరాత్రి దాటాక. మెట్టు దగ్గరి లైటు, బండి పక్కన చాపే గుడ్డ పందిరి లైటు, ఫ్రిజ్ డిస్‌ప్లే అన్నీ ఆర్పించాను. 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే చుక్కలు గీతలు కాకుండా షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో ఉజ్జాయింపుగా వస్తుంది. నాది 20 మి.మీ., అంటే 25 సెకన్లు. ఈమధ్య కెమెరాలకి ఈ లెక్క కాస్త ఉదారమే, నేను 15 సెకన్లకి తగ్గించి ఒకదాని వెంట ఒకటి తీసేలా పెట్టేశాను.

మర్నాడు చూసుకుంటే చాలావరకు విమానాల గీతలు, చుక్క చుక్కగా మెరిసే లైట్లతో. ఒక్క ఫ్రేములో మాత్రం నిజమైన ఉల్క, ఒక కొస ఆకుపచ్చగా, ఇంకో కొస తెల్లగా. దాని కింద మూలలో మా బండి పందిరి రాడ్డు అడ్డొచ్చింది. నేను కత్తిరిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "ఉల్క నీది, రాడ్డు నాది, ఉండనీ" అన్నారు.