రావచ్చు, చేయాలి
నిన్న సాయంత్రం గోదావరి మధ్యలోని మా లంకలో పదో తరగతి అమ్మాయికి ఇంగ్లీషు చెబుతూ ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 'వరద రావచ్చు' అన్నదానికి 'కెన్' రాసింది. పాపం, తప్పు తనది కాదు. మన 'వచ్చు' అనుమతికీ, శక్తికీ, అవకాశానికీ ఒక్కటే. ఈసారి వస్తుందేమోనన్న అనుమానానికి 'మే' కావాలన్నాను.

తరువాతి వాక్యం: ధవళేశ్వరం దగ్గర నీరు 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక వస్తే ఇల్లు ఖాళీ చేయాలి. 'షుడ్' అని రాసింది. 'చేయాలి'లో సలహా ఉంది, తప్పనిసరీ ఉంది మరి! 'షుడ్' అంటే చేస్తే మంచిది, 'మస్ట్' అంటే చేసి తీరాలి అని చెప్పాను. గోడమీద పాత వరద వదిలిన మట్టి చార వైపు ఒకసారి చూసింది. 'షుడ్' కొట్టేసి, పెన్ను గట్టిగా నొక్కి 'మస్ట్' అని రాసింది.

"మా నాన్నమ్మ మాత్రం కదలనంటుంది, మాస్టారూ" అంది.