బీఎండబ్ల్యూ ఈ46 325ఐ: కూలింగ్, ఆయిల్ లీకుల పని ఎంతవరకు వచ్చింది

కారు ఈ46, అంటే బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో ఒక పాత తరం. 2003 మోడల్ 325ఐ, ఐదు గేర్ల మాన్యువల్, ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇంజిన్ ఎం54, రెండున్నర లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు. ఈ ఇంజిన్‌లో లోహపు భాగాలకు వయసు పెద్దగా తెలియదు. పాడయ్యేదల్లా చుట్టూ ఉన్న ప్లాస్టిక్, రబ్బరు. ఈ46 కొన్నవాళ్లు అడిగే ప్రశ్నల్లో చాలా వాటికి జవాబు అక్కడే ఉంటుంది: కూలెంట్ ఎందుకు తగ్గుతోంది, ఆయిల్ వాసన ఎక్కడిది, చెక్ ఇంజిన్ లైటు ఎందుకు వెలిగింది.

ఇప్పటికి ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ (హౌసింగ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే రబ్బరు సీలు), కూలింగ్ సిస్టమ్ మొత్తం పూర్తయ్యాయి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌కు గాలి పంచే గొట్టాల పెట్టె) కింది పని, వానోస్ (వాల్వుల టైమింగును మార్చే యంత్రాంగం) సీళ్లు మిగిలాయి.

ముల్లును నమ్మవద్దు

డాష్‌బోర్డులో ఉష్ణోగ్రత ముల్లు నడిమధ్యన ఉంది కదా, ఇంజిన్ బాగానే ఉంది కదా అని చాలామంది అడుగుతారు. ఈ46లో ఆ ముల్లు అసలు ఉష్ణోగ్రతను చూపదు. కూలెంట్ 75 డిగ్రీల దగ్గరున్నా, 110కి చేరినా అది మధ్యలోనే నిలబడేలా సాఫ్ట్‌వేర్ రాశారు. ముల్లు కుడివైపు కదిలేసరికి సమయం మించిపోతుంది.

అందుకే పని మొదలుపెట్టే ముందు ఓబీడీ రీడర్ (కారు కంప్యూటరుకు తగిలించి కోడ్లు, అంకెలు చదివే పరికరం) పెట్టి అసలు అంకె చూడాలి. రీడర్ లేకపోతే మీటరులో దాచిన టెస్ట్ మెనూ ఉంది. ఛాసిస్ నంబరు చివరి ఐదు అంకెల మొత్తంతో టెస్ట్ 19 దగ్గర తాళం తీసి, టెస్ట్ 7కి వెళ్తే కూలెంట్ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఎం54లో రేడియేటరుకు కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్ 97 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఇంజిన్ మీద బరువు పెరిగితే కంప్యూటర్ దాని లోపలి హీటరుకు కరెంటు ఇచ్చి ముందే తెరుస్తుంది. కాబట్టి మామూలుగా నడిచేటప్పుడు 90 నుంచి 100 మధ్య ఉంటే కంగారు అక్కర్లేదు. హైవే మీద 75, 80కి పడిపోతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు. ఈ కారులో ముందుగా దొరికింది అదే, పీ0128 కోడ్‌తో పాటు (కూలెంట్ తగినంత వేడెక్కడం లేదని దాని అర్థం). చల్లగా నడిస్తే మంచిదే కదా అనుకోవద్దు. ఇంజిన్ సరిగా వేడెక్కకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ నిలిచిపోతుంది.

ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్

కూలింగ్ కన్నా ముందు దీన్ని చేయడానికి కారణం ఉంది. ఈ గాస్కెట్ కారితే ఆయిల్ నేరుగా కిందున్న పవర్ స్టీరింగ్ పంపు మీద, బెల్టు మీద పడుతుంది. చాలామంది స్టీరింగ్ పంపు లీకవుతోందనుకుని పంపు మార్చేస్తారు. ఇంజిన్ కడిగి, కొన్ని మైళ్లు తిప్పి, టార్చ్ వేసి హౌసింగ్ బ్లాకుకు అతుక్కునే గీత చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఆయిల్ తాగిన బెల్టు ఉబ్బుతుంది, కూలెంట్ హోసులు మెత్తబడతాయి. కొత్త హోసులు వేశాక వాటి మీద పాత ఆయిల్ కారడం కంటే వృథా ఇంకొకటి లేదు.

గాస్కెట్ పార్టు నంబరు 11 42 1 719 855. వస్తువు చిన్నదే, పని పెద్దది. డిక్కీలోని బ్యాటరీ నెగెటివ్ తీసి, ఎయిర్ ఫిల్టర్ బాక్సు, బెల్టు, ఆల్టర్నేటర్ విప్పాలి. స్టీరింగ్ ఆయిల్ డబ్బాను హోసులతోనే పక్కకు జరపాలి. వానోస్‌కు వెళ్లే ఆయిల్ పైపు బాంజో బోల్టు (లోపలి నుంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) విప్పినప్పుడు రెండు వైపుల వాషర్లూ కొత్తవి వేయాలి. బిగింపు 32 న్యూటన్ మీటర్లు. హౌసింగ్ బోల్టులకు 13 ఎంఎం సాకెట్, బిగింపు 22 న్యూటన్ మీటర్లు.

పాత గాస్కెట్ గట్టిపడి ప్లాస్టిక్ ముక్కలా ఊడొస్తుంది. ఆ ముఖాలను శుభ్రం చేయడానికి డ్రిల్లుకు గరుకు డిస్కు తగిలించవద్దు. ఆ పొడి ఆయిల్ దారుల్లోకి వెళ్తే బేరింగులను తినేస్తుంది. ప్లాస్టిక్ స్క్రేపర్, బ్రేక్ క్లీనర్, గుడ్డ చాలు. గాస్కెట్‌కు సిలికాన్ పూయకూడదు, పొడిగానే కూర్చోవాలి. అయ్యాక 6.5 లీటర్ల కొత్త ఆయిల్, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01 ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-30 లేదా 5డబ్ల్యూ-40. ఫిల్టర్ మూతకు 36 ఎంఎం సాకెట్, డ్రెయిన్ బోల్టుకు 17 ఎంఎం, రెండింటికీ 25 న్యూటన్ మీటర్లు.

కూలింగ్ సిస్టమ్: ఒక్కొక్కటిగా కాదు, సెట్టుగా

కారుతున్న భాగం ఒక్కటే మార్చుకుంటే సరిపోదా అని అడుగుతారు. ఈ కారు విషయంలో సరిపోదనే మా అభిప్రాయం. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (కూలెంట్ పోసే డబ్బా), రేడియేటర్ పక్క ట్యాంకులు, థర్మోస్టాట్ హౌసింగ్, హోసుల చివరి కనెక్టర్లు అన్నీ ఒకే రోజున ఫ్యాక్టరీలో బిగించిన ప్లాస్టిక్. అన్నీ ఒకే వేడిని, ఒకే ఒత్తిడిని చూశాయి. ఒకటి పగిలి దాన్ని కొత్తది చేస్తే, ఒత్తిడి నిండుగా నిలిచి మిగతా వాటిలో బలహీనమైనది పగులుతుంది. ట్యాంకు పగిలితే మెల్లగా కారదు, అతుకు వెంట నిలువుగా చీలి నిమిషాల్లో ఖాళీ అవుతుంది. నీళ్లు లేకుండా ఇంకొంచెం దూరం నడిపితే సిలిండర్ హెడ్ వంకరపోతుంది, అల్యూమినియం బ్లాకులో హెడ్ బోల్టుల మరలు లేచిపోతాయి. అప్పుడు కొత్త మరల ఇన్సర్టులు వేయాలి. ఆ ఖర్చు కారు ధరను దాటవచ్చు.

ఈ కారుకు వేసినవి: బేర్ కంపెనీ రేడియేటర్, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, కొత్త మూత, లెవల్ సెన్సర్, వాహ్లర్ కంపెనీ థర్మోస్టాట్, వాటర్ పంపు, పై హోసు, కింది హోసు, కింది హోసులో ఉండే ఉష్ణోగ్రత సెన్సరు ఓరింగు, బెల్టులు, టెన్షనర్ పుల్లీలు. సెన్సర్ ఓరింగు చాలామంది మరచిపోయే వస్తువు. కొత్త హోసులోంచి చుక్క పడుతోందంటే ముందు దాన్నే చూడాలి.

పని క్రమం ఇలా సాగింది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, రేడియేటర్ కింద ఉన్న నీలం రంగు ప్లాస్టిక్ స్క్రూ విప్పాలి. అంతటితో రేడియేటరే ఖాళీ అవుతుంది. బ్లాకులో మిగిలినది రావాలంటే ఎగ్జాస్ట్ వైపు, కింద, 13 ఎంఎం బోల్టు విప్పాలి. కొత్త వాషరుతో 25 న్యూటన్ మీటర్లకు బిగించాలి. ఈ బోల్టు జోలికి వెళ్లకుండా కొత్త కూలెంట్ పోస్తే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి.

ఈ మాన్యువల్ కారుకు ఎలక్ట్రిక్ ఫ్యాన్, కాబట్టి కనెక్టర్ తీసి ఫ్యాన్‌ను తొడుగుతో సహా పైకి లాగితే సరిపోయింది. బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాన్ ఉన్న కార్లలో 32 ఎంఎం నట్టు ఉంటుంది, అది ఎడమ మర. ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే వదులవుతుంది. తెలియక రెండో వైపు బలం పెడితే ఇంకా బిగుసుకుంటుంది.

హోసులకు తీగ క్లిప్పులు ఉంటాయి. క్లిప్పును స్క్రూడ్రైవరుతో పైకి లేపి, హోసును కొంచెం లోపలికి నొక్కి, ఆ తర్వాత లాగాలి. పాత రేడియేటర్ మూతి అక్కడే విరగవచ్చు. కొత్తది వేస్తున్నాం కాబట్టి బాధ లేదు, కానీ విరిగిన ముక్కలు హోసులో ఉండిపోకుండా చూసుకోవాలి.

వాటర్ పంపు నాలుగు 10 ఎంఎం నట్లతో ఉంటుంది. నట్లు తీసినా పంపు కదలదు. పంపు అంచులో రెండు మర రంధ్రాలు ఉన్నాయి. వాటిలో ఎం6 బోల్టులు రెండు పెట్టి, ఇటు అర చుట్టు అటు అర చుట్టు తిప్పుతూ పోతే పంపు సమానంగా బయటికొస్తుంది. సుత్తితో కొడితే వంకరగా ఇరుక్కుంటుంది. కొత్త పంపు ఓరింగుకు కొంచెం కూలెంట్ రాసి చేత్తో నొక్కి, నట్లు 10 న్యూటన్ మీటర్లకే ఆపాలి. థర్మోస్టాట్ హౌసింగ్ బోల్టులకు, పుల్లీ బోల్టులకు కూడా అంతే.

పంపు రెక్కలు ప్లాస్టిక్‌వా, లోహానివా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. పాత రకం మామూలు ప్లాస్టిక్ రెక్కలు పెళుసుబారి ముక్కలవుతాయి, పంపు తిరుగుతున్నా నీళ్లు కదలవు. లోహపు రెక్కలు విరగవు, కానీ బేరింగు పోతే లోపలి అల్యూమినియాన్ని గీకేస్తాయి. ఇప్పుడొచ్చే కాంపోజిట్ రకం రెండింటి మధ్య సరైనదనిపించి ఈ కారుకు అదే వేశాం.

కూలెంట్, గాలి తీయడం

మొత్తం సామర్థ్యం సుమారు 8.4 లీటర్లు. సగం నీలం రంగు బీఎండబ్ల్యూ కూలెంట్, అంటే జీ48 రకం, సగం డిస్టిల్డ్ వాటర్. కుళాయి నీళ్లలో ఉండే సున్నం రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది. మన ఊళ్ల బోరు నీళ్ల సంగతైతే చెప్పనక్కర్లేదు. రంగు చూసి కూలెంట్ కొనవద్దు, రంగు కంపెనీని బట్టి మారుతుంది; డబ్బా మీద జీ48 అని ఉందో లేదో చదవాలి. లీకు ఆపే పొడులు, ద్రవాలు అసలు వద్దు. అవి ముందు మూసేది హీటర్ కోర్‌ను, అంటే కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటరును.

కారు ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా నిలిపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా హీటర్ వేడి గరిష్ఠానికి, ఫ్యాన్ కనిష్ఠానికి పెట్టాలి. అప్పుడే హీటర్ వాల్వు తెరుచుకుంటుంది. మూత పక్కనున్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి, మెల్లగా పోస్తూ ఉండాలి. స్క్రూ దగ్గర బుడగలు ఆగి ధారగా వచ్చేదాకా పోయాలి. తొందరపడి ఒక్కసారిగా పోస్తే గాలి హెడ్‌లో ఇరుక్కుంటుంది. హీటర్ నుంచి చల్లగాలి, ఉష్ణోగ్రత అంకె ఎగిరిపడటం దాని గుర్తులు.

బ్లీడ్ స్క్రూ ప్లాస్టిక్‌ది, మెల్లగా బిగిస్తే చాలు. ఇత్తడి స్క్రూ వేసుకుంటే గట్టిగా ఉంటుంది కదా అనేవారున్నారు. గట్టిగా ఉండేది స్క్రూ, పగిలేది ట్యాంకు మరలు. పది రూపాయల స్క్రూ పగలడమే మేలు.

ట్యాంకు మూత మీద 200 అంటే 2 బార్, 140 అంటే 1.4 బార్. తక్కువ ఒత్తిడి మూత వేసి పాత ప్లాస్టిక్‌ను కాపాడుకుంటారు కొందరు. కొత్త ట్యాంకు వేసినప్పుడు ఆ అవసరం మాకు కనిపించలేదు. మట్టం చూడటం చల్లారాకే: లోపలి తేలే కర్ర పై కొన కనీసం మూతి అంచుతో సమానంగా ఉండాలి, రెండో గీత అంచుకు వస్తే నిండినట్టు. అంతకు మించి పోస్తే ఒత్తిడి పెరిగి ట్యాంకు మీదే పడుతుంది.

మిగిలిన పని

ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఒకసారి విప్పితే కింద మూడు పనులు కలిసివస్తాయి. ఒకటి, క్రాంక్‌కేస్ గాలి వాల్వు (ఇంజిన్ లోపల చేరే ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది), దాని హోసులు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, పలచని ప్లాస్టిక్ కవరు పెట్టి చూస్తే మెల్లగా లోపలికి లాగాలి. గట్టిగా పీల్చేసి ఇంజిన్ తడబడితే వాల్వు లోపలి పొర చిరిగినట్టు, ఆయిల్ తాగడానికి అదే పెద్ద కారణం. రెండు, మానిఫోల్డ్ కిందుగా పోయే కూలెంట్ గొట్టాల ఓరింగులు. పైనుంచి చూస్తే ఈ లీకు కనబడదు. మూడు, డీసా వాల్వు, అంటే ఇన్‌టేక్‌లో గాలి దారిని మార్చే రెక్క. రెండు టీ40 బోల్టులు తీస్తే బయటికొస్తుంది. రెక్కను నొక్కి, గాలి రంధ్రం వేలితో మూస్తే రెక్క అక్కడే నిలవాలి. రెక్క ఆడుతుంటే, దాని పిన్ను ఊడి ఇంజిన్‌లోకి వెళ్లకముందే మార్చాలి. పీ0171, పీ0174 కోడ్లు (గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం) కలిసి వస్తే గాలి వాల్వు, దాని హోసులు, డీసా వాల్వుల్లో ఎక్కడో గాలి లీకు ఉందని ముందు అనుమానించాలి. ఆక్సిజన్ సెన్సర్లు కొనడం తర్వాత.

వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల సస్పెన్షన్‌ను మోసే చట్రం) బిగించే చోట బాడీ రేకు చీలడం ఈ46కి ఉన్న మరో జబ్బు. కారు పైకెత్తి, నాలుగు మౌంటుల చుట్టూ ఉన్న స్పాట్ వెల్డుల దగ్గర మట్టి కడిగి చూడాలి. సన్నని గీత కనిపించినా వెల్డింగుతో పాటు బలపరిచే పలకలు వేయించాలి. ఈ కారులో పగుళ్లు లేవు.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఈ46 తర్వాతి తరమైన ఈ90 గురించి, ఎందుకంటే బీఎండబ్ల్యూ చెన్నై ప్లాంటు 2007లో మొదలైంది, అప్పటి 3 సిరీస్ అదే. పై టార్కులు, గాలి తీసే పద్ధతి ఆరు సిలిండర్ల ఎన్52 ఇంజిన్‌కు వర్తించవు. దానికి బెల్టు పంపు బదులు ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది. పంపును పట్టుకునే అల్యూమినియం బోల్టులు ఒక్కసారికే పనికొస్తాయి, కాబట్టి పంపుతో పాటు కొత్త బోల్టులు కూడా ఆర్డరు చేయాలి.